కాదనే దేశాన్ని ఏం చేయాలి?

అందరికీ నమస్కారం.

యూరోపియన్ యూనియన్‌కు ఉమ్మడి విదేశాంగ విధానం ఉందా అంటే, కాగితం మీద ఉంది. 1992లో మాస్ట్రిక్ట్‌లో సంతకాలు పెట్టి మరీ రాసుకున్నారు. తర్వాత దానికో ప్రతినిధి వచ్చారు, సొంత దౌత్య విభాగమూ వచ్చింది. అయినా ముఖ్యమైన నిర్ణయం ఏదైనా ఒక్క దేశం కాదంటే ఆగిపోతుంది.

2020 సంగతే చూడండి. ఆగస్టు ఎన్నికల తర్వాత బెలారస్‌లో నిరసనకారులను పోలీసులు చావబాదారు. అక్కడి అధ్యక్షుడు లుకషెంకో ప్రభుత్వంలోని వాళ్లపై ఆంక్షలు పెట్టాలన్నారు. తప్పని ఎవరూ అనలేదు, సైప్రస్ కూడా అనలేదు. కానీ అడ్డుపడింది సైప్రసే. మా సముద్రంలో టర్కీ గ్యాస్ కోసం తవ్వుతోంది, ముందు దాని సంగతి తేల్చండి అని పట్టుబట్టింది. అక్టోబరు మొదట్లో దేశాధినేతలు అర్ధరాత్రి దాకా కూర్చుంటే గానీ ముడి వీడలేదు.

దీన్ని బ్లాక్‌మెయిల్ అన్నవాళ్లున్నారు. నేనైతే అంత తేలిగ్గా అనలేను. పెద్ద దేశాలు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లుంటారు. సైప్రస్ లాంటి దేశం మాట వినిపించేది ఆ గదిలోనే.

మరి వాణిజ్యంలోలా మెజారిటీతో తేల్చేయొచ్చుగా? అక్కడ చాలావరకు 55 శాతం దేశాలు, 65 శాతం జనాభా ఒప్పుకుంటే చాలు. నిజమే, కానీ అక్కడ మార్కెట్ ఒక్కటే, కస్టమ్స్ సుంకమూ ఒక్కటే. సైన్యాలు మాత్రం ఎవరివి వాళ్లవే. ఉమ్మడి సైన్యం ఆలోచన తెచ్చిన ఫ్రాన్సే, 1954లో తన పార్లమెంటులో దాన్ని తోసిపుచ్చింది. పైగా వీటో తీసేయాలన్నా అందరూ ఒప్పుకోవాలి!

అందుకే నాకు 2008 నాటి కొసావో నిర్ణయం ముఖ్యంగా కనిపిస్తుంది. సెర్బియా నుంచి విడిపోయిన కొసావోను ఈనాటికీ ఐదు సభ్యదేశాలు వేరే దేశంగా గుర్తించలేదు. అయినా అక్కడికి పోలీసులను, జడ్జీలను పంపాలన్నప్పుడు ఇదే సైప్రస్ ఓటుకు దూరంగా ఉండి దారిచ్చింది. ఒప్పందంలో అందుకు వెసులుబాటు ఉంది. తప్పుకున్న దేశం ఆ నిర్ణయాన్ని అమలు చేయనక్కర్లేదు, మిగతావాళ్లకు అడ్డం రాకుంటే చాలు.

2023 డిసెంబరులో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టే విషయంలో ఈ పద్ధతే అనధికారికంగా నడిచింది. కాసేపు కాఫీకి వెళ్లి రమ్మని జర్మనీ చాన్సలర్ షోల్జ్ సూచించారట. హంగరీ ప్రధాని ఓర్బాన్ బయటికి వెళ్లారు, మిగతా 26 మంది నిర్ణయం తీసేసుకున్నారు. కానీ అదే సమావేశంలో ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల యూరోల సాయం మాటొచ్చేసరికి ఓర్బాన్ కుర్చీ వదల్లేదు. అది ఫిబ్రవరి 1న గానీ తేలలేదు. తప్పుకుని దారివ్వడం మాటల దగ్గర కుదిరినంత సులువుగా డబ్బు దగ్గర కుదరదు. వీటో మీద వాదన పక్కనపెట్టి, ముందు తేల్చుకోవాల్సింది ఈ చిక్కునే.