కొసరు పిచ్చుక

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులందరికీ వందనాలు.

సంతలో బేరం కుదిరాక కొసరు అడగడం మనకు అలవాటే. మత్తయి సువార్త 10వ అధ్యాయంలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకా 12వ అధ్యాయంలో రెండు కాసులకు అయిదు. లెక్కకు నాలుగే రావాలి, అయిదోది కొసరు. ఆ కాసు రోమీయుల రాగి నాణెం. అలాంటివి 16 కలిస్తే ఒక దేనారము, అంటే ఒక రోజు కూలి. వెలే లేని ఆ అయిదో పిట్టనూ కలుపుకునే ప్రభువు, వాటిలో ఒకటైనా దేవుని యెదుట మరువబడదన్నాడు. మీరు అనేక పిచ్చుకలకంటే శ్రేష్ఠులన్న మాట దగ్గరే మనం ఆగిపోతాం. పిచ్చుకకు విలువే లేకపోతే, దానికంటే శ్రేష్ఠులమని వినడంలో మనకు ఓదార్పు ఏముంది?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. గూటిలో పిల్లల మీదో గుడ్ల మీదో తల్లి కూర్చుని ఉంటే తల్లిని పట్టుకోకూడదు, విడిచిపెట్టాలి. అలా చేస్తే మేలు, దీర్ఘాయువు. తలిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞకు ఇచ్చిన వాగ్దానమూ ఇదే. పిట్టగూడు దగ్గర మన నడవడిని దేవుడు అంత లెక్కలోకి తీసుకున్నాడు.

ఇక మన మందిరం సంగతి. పెంకుటిళ్ల చూరులు పోయాక పిచ్చుకకు మిగిలినవి వెంటిలేటర్లు, బోర్డు వెనక సందులు. వెంటిలేటర్‌లోంచి లోపలికొచ్చిన పిట్ట తిరిగే ఫ్యాను రెక్కకు తగిలి చస్తుంది. అందుకని వెంటిలేటర్లకు లోపలివైపు జాలీ కొట్టించండి. ముందు అక్కడ గూడు ఉందేమో చూడాలి, ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాలి. జాలీతో దారి మూసినందుకు బదులుగా బయట వసారాలో పెట్టెలు పెట్టండి.

పెట్టెకు రెండు సెంటీమీటర్ల మందం చెక్క చాలు. రేకు వద్దు, మన ఎండలకు పిల్లలు ఉడికిపోతాయి. లోపల అడుగు సుమారు 15 సెంటీమీటర్ల చదరం. రంధ్రం 32 మిల్లీమీటర్లు. పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. రంధ్రానికీ అడుగుకూ మధ్య కనీసం 12 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే రెక్కలు రాని పిల్లలు జారిపడతాయి. అందం కోసం రంధ్రం కింద పుల్ల బిగిస్తారు. పిచ్చుకకు దానితో పనిలేదు, వేటాడే వాటికే అది ఆసరా. అడుగున నీరు కారడానికి నాలుగు చిన్న బెజ్జాలు. లోపల రంగు, వార్నిష్ వేయకూడదు. పది అడుగుల ఎత్తున, పడమటి ఎండ తగలని గోడకు బిగించాలి. పిచ్చుకలు గుంపుగా బతుకుతాయి, కనుక మూడు నాలుగు పెట్టెలు దగ్గర దగ్గరగా పెట్టండి.

కోత పండుగకు తెచ్చే వరికంకుల్లో కొన్నిటిని కుచ్చులుగా అల్లి వసారాలో కట్టండి. గోదావరి జిల్లాల్లో ఇళ్ల ముందు కట్టే ఆ కుచ్చులు మందిరానికీ ఎంతో అందం. కంకులను మూరెడు కాడతో కోసి నీడన ఆరబెట్టాలి. అల్లే ముందు కాడలు తడపాలి, లేకపోతే విరుగుతాయి. కుచ్చును గోడకు ఆనించకుండా దూలం నుంచి సన్నని తాడుతో వేలాడదీస్తే పిల్లికి అందదు. విత్తనశుద్ధి మందు పట్టించిన వడ్లు మాత్రం పొరపాటున కూడా వాడొద్దు, అది విషం.

పిల్ల కింద పడితే ముందు దాని ఒళ్లు చూడండి. ఈకలు వచ్చి గెంతుతుంటే పిల్లి అందుకోలేని కొమ్మ మీద ఉంచి పక్కకు తప్పుకోండి, తల్లి మేత తెస్తుంది. ఈకలు లేకపోతే తిరిగి గూట్లో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదన్నది నిజం కాదు. జాలిపడి నోట్లో నీళ్లు, పాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది.

క్రిస్మస్ ముందు సున్నాలు, రంగులు వేయిస్తాం. మేస్త్రీ నిచ్చెన ఎక్కకముందే సండే స్కూలు పిల్లలతో కలిసి గూళ్లు ఎక్కడున్నాయో చూసి రాసుకోండి. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు పడతాయి. కనుక నవంబరు మొదట్లోనే చూడాలి. గుడ్లున్న వైపు గోడను చివరికి ఉంచమని మేస్త్రీకి ముందే చెప్పండి.