కింది రాడ్డు ఎర్రబడటం లేదు: ఓవెన్ రిపేర్లపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. క్రిస్మస్ దగ్గరపడింది. అటకల మీది ఓవెన్లు కిందికి దిగుతున్నాయి, దిగినవన్నీ పని చేయడం లేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పి రిటైరైన సార్ మనతో ఉన్నారు. నమస్కారం సార్.

నిపుణుడు: నమస్కారం. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. మూత విప్పాలంటే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకడం. కొన్ని ఇళ్లల్లో స్విచ్‌ను న్యూట్రల్‌కు బిగించి ఉంటారు. స్విచ్ ఆపినా లోపల ఫేజు అట్లాగే కూర్చుని ఉంటుంది.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ నర్సంపేట నుంచి. చెప్పండి.

శ్రోత (నర్సంపేట): సార్, వానాకాలమంతా ఓవెన్ మూలకు పడి ఉంది. మొన్న ఆన్ చేస్తే ఇల్లంతా కరెంటు ట్రిప్ అయింది. తెలిసినాయన వచ్చి ప్లగ్గులో ఎర్తు వైరు తీసేశాడు. ఇప్పుడు మంచిగానే నడుస్తుంది. ఇట్లాగే వాడుకోవచ్చా?

నిపుణుడు: వద్దు. ఫోన్ పెట్టగానే ప్లగ్గు పీకేయండి. రాడ్డు అంటే పైన లోహపు గొట్టం, లోపల నిక్రోమ్ తీగ. రెండింటి మధ్యా తెల్లటి పొడి నింపుతారు, మెగ్నీషియం ఆక్సైడ్. అది తేమను పీలుస్తుంది. తేమెక్కితే కరెంటు గొట్టానికి, గొట్టం నుంచి ఓవెన్ బాడీకి వస్తుంది. అందుకే ట్రిప్ అయింది. ఎర్తు తీసేస్తే జ్వరం తగ్గలేదు బాబూ, థర్మామీటర్ పగలగొట్టుకున్నారు. ఇప్పుడు ఆ కరెంటు తలుపు పట్టుకున్నవాళ్ల చేతిలోంచి పోతుంది.

శ్రోత: మరి ఎండలో పెడితే పోతుందా సార్?

నిపుణుడు: కొంత పోవచ్చు. ముందు ఎర్తు మళ్లీ పెట్టించండి. తర్వాత మెకానిక్‌తో 500 వోల్టుల మెగ్గర్, అంటే లీకేజీ కొలిచే మీటరు, పెట్టి చూపించండి. అప్పటికీ లీకేజీ ఉంటే రాడ్డు మార్చడమే.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. కాజీపేట నుంచి ఒకరు లైన్లో ఉన్నారు.

శ్రోత (కాజీపేట): హలో... హలో, వినిపిస్తుందా?

వ్యాఖ్యాత: వినిపిస్తుందమ్మా, రేడియో సౌండ్ తగ్గించండి.

శ్రోత: ఆఁ, తగ్గించాను. సార్, నేను ఇంట్లోనే కేకులు చేసి ఇస్తాను. మొదట మా పెద్దమ్మాయి పుట్టినరోజుకని చేశాను, తర్వాత చర్చిలో ఒకరు అడిగారు, వాళ్లను చూసి ఇంకొకరు. ఈసారి 14 ఆర్డర్లు ఉన్నాయి, ఒకటే టెన్షన్. మొన్న ప్లం కేక్ పెడితే పైన మాడింది, పుల్ల గుచ్చితే కింద జావ జావ. ఇంకో పావుగంట పెట్టాను, పైన బొగ్గయింది కానీ...

నిపుణుడు: అమ్మా, పై రాడ్డులు ఎర్రబడుతున్నాయా?

శ్రోత: పైవి ఎర్రగా నిప్పుల్లా ఉన్నాయి. కిందివి రెండూ నల్లగానే ఉన్నాయి.

నిపుణుడు: నాబ్ రెండు గీతల బొమ్మ మీదే పెట్టారు కదా? పై గీత ఒక్కటే ఉన్న బొమ్మ మీద కాదు కదా?

శ్రోత: రెండు గీతలే సార్. ఒక్క కింది గీత మీద కూడా పెట్టి చూశాను, అసలే వేడి లేదు.

నిపుణుడు: మంచి పని చేశారు. పైవి వెలుగుతున్నాయంటే ప్లగ్గు, వైరు, టైమరు బాగున్నట్టే. మామూలుగా థర్మోస్టాట్ పైకీ కిందికీ ఒకటే, కాబట్టి దాన్నీ వదిలేయండి. ఇక మిగిలినవి మూడు: ఆ నాబ్ వెనక స్విచ్, రాడ్డు చివర వైరు పట్టుకునే లగ్గు, రాడ్డు.

శ్రోత: రాడ్డు బాగానే ఉందన్నాడు సార్ మా మరిది. టెస్టర్ పెడితే అటు చివరా వెలిగింది, ఇటు చివరా వెలిగింది.

నిపుణుడు: ప్లగ్గు పెట్టి ఉంచే మూత తీసి పెట్టాడా?

శ్రోత: ...ఆఁ, అట్లాగే.

నిపుణుడు: ఇంకోసారి అట్లా చేయొద్దని చెప్పండి. టెస్టర్ లైటు ఫేజు వచ్చిందని మాత్రమే చెబుతుంది. అవతల న్యూట్రల్ తెగినా రెండు చివర్లా వెలుగుతుంది. రాడ్డు సంగతి మల్టీమీటరే చెప్పాలి. ఓవెన్ ఎన్ని వాట్లు?

శ్రోత: వెనక 1600 అని రాసుంది.

నిపుణుడు: పైన సగం, కింద సగం అనుకుందాం, 800. 230ని 230తో గుణించి 800తో భాగించండి, 66 వస్తుంది. కింది రాడ్డులు రెండూ కలిపి అన్ని ఓమ్స్ ఉండాలి. కొన్నింటిలో కింది రెండు రాడ్డులూ వరసగా కలిపి ఉంటాయి, ఒకటి తెగితే రెండూ ఆగుతాయి. మీవి రెండూ నల్లగా ఉన్నాయంటే అదీ అనుమానమే. ప్లగ్గు పీకి, ఓవెన్ పూర్తిగా చల్లారాక, వైర్లు ఎట్లా ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసి, ఒక చివర వైరు ఊడదీయండి. ఊడదీయకపోతే మీటరు వేరే దారి గుండా ఏదో అంకె చూపించి తికమక పెడుతుంది. మీటరు 200 ఓమ్స్ మీద పెట్టండి. 66కు రెండు మూడు అటూ ఇటూ అయినా రాడ్డు మంచిదే. ఎడమ పక్కన ఒంటరిగా 1 గానీ, ఓఎల్ అని గానీ వస్తే లోపల తీగ తెగింది. ఇంకొకటి, ఒక ముల్లు రాడ్డు చివర, ఇంకో ముల్లు గొట్టం మీద పెడితే ఏ అంకే రాకూడదు, అక్కడ ఆ ఒంటరి 1 ఉంటేనే మంచిది.

శ్రోత: సార్, తెగితే ఆ తీగను మెలిపెట్టి టేప్ చుట్టొచ్చా?

నిపుణుడు: గొట్టం లోపలి తీగను ఎట్లా మెలిపెడతారమ్మా? రాడ్డు మార్చాల్సిందే. పాతదాన్ని పట్టుకెళ్లండి. పొడవు, వంపు, వాట్లు మూడూ సరిపోవాలి.

శ్రోత: అది కాదు సార్, రాడ్డు చివర వైరు నల్లగా మాడి ఉంది, ముట్టుకుంటే పొడి రాలుతుంది. అక్కడ టేప్ వేస్తే...

నిపుణుడు: మాడిందా? ఇది ముందే చెప్పాలి కదా! టేప్ వద్దు. అది 80 డిగ్రీలు దాటితే పనికిరాదు. టంకం కూడా వద్దు, 190 దగ్గర కరిగి కారుతుంది. కొత్త లగ్గు బిగించి నొక్కించాలి. వైరు మీద వేడికి తట్టుకునే గాజునూలు స్లీవ్, అంటే తొడుగు, ఉండాలి. ఎన్నాళ్లుగా వాడుతున్నారు?

శ్రోత: నాలుగేళ్లు. మంచిగానే చూసుకుంటాను సార్, కింద జిడ్డు కారకుండా ఫాయిల్ కూడా పరుస్తాను.

నిపుణుడు: ఎక్కడ? ట్రే మీదనా, రాడ్డుల కిందనా?

శ్రోత: రాడ్డుల కింద, ఆ చివర నుంచి ఈ చివర దాకా.

నిపుణుడు: అయ్యో అమ్మా. ఫాయిల్ ఆ వేడిని తిప్పి రాడ్డుకే కొడుతుంది, చివర్లు ఉడికిపోతాయి. మడత లేచి వైరుకు తగిలితే షార్టే. ఇవాళే తీసేయండి. జిడ్డు కోసం కంపెనీ ఇచ్చిన ట్రే ఉంది కదా?

శ్రోత: దాంట్లో ఉల్లిగడ్డలు పెట్టుకున్నాను.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) మీటర్ పెట్టి చూసి మళ్లీ ఫోన్ చేయండమ్మా. భూపాలపల్లి శ్రోత, చెప్పండి.

శ్రోత (భూపాలపల్లి): పొద్దున బాగా కాలుతుంది సార్, సాయంత్రం కాలదు. రాడ్డు పోయినట్టా?

నిపుణుడు: కాదు, పోయిన రాడ్డు పొద్దున మాత్రం ఎట్లా కాలుతుంది? వోల్టేజీ చూడండి. 230కి 200 వస్తే వేడి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. సాయంత్రం అంతే ఉంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టారా?

శ్రోత: అవును సార్.

నిపుణుడు: తీసేయండి. 1600 వాట్ల ఓవెన్ 7 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. పరకాల.

శ్రోత (పరకాల): మైక్రోవేవ్‌లో వేడి రావట్లేదు సార్. ప్లగ్గు పీకే విప్పుతాను, లోపల ఏం చూడాలి?

నిపుణుడు: ఏమీ చూడొద్దు, విప్పొద్దు. ఇందాకటి నుంచి నేను చెప్పే ప్లగ్గు మాట దానికి చాలదు. అందులో కెపాసిటర్ ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా 2000 వోల్టులకు పైనే పట్టుకుని ఉండొచ్చు. మెకానిక్‌కే ఇవ్వండి.

శ్రోత: కానీ సార్, వీడియోలో ఒకతను...

నిపుణుడు: వద్దన్నాను కదా నాయనా.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. జగిత్యాల... లైన్ కట్ అయింది. కాజీపేట అమ్మగారు మళ్లీ వచ్చారు.

శ్రోత (కాజీపేట): సార్, పక్కింటి కేబుల్ అబ్బాయి మీటర్ తెచ్చాడు. ప్లగ్గు పీకాకే పెట్టాడు, నేను చూస్తూనే ఉన్నాను. 67 చూపిస్తుంది.

నిపుణుడు: గొట్టానికి?

శ్రోత: ఏమీ రాలేదు. ఒంటరిగా 1 ఉంది.

నిపుణుడు: అయితే రాడ్డు దివ్యంగా ఉంది, కొత్తది కొనకండి. మాడిన ఆ లగ్గే మీ జబ్బు. ఆ వైరు మాడిన మేరకు కోయించి, కొత్త లగ్గు, స్లీవ్ వేయించండి. చిన్న పని, అరగంట కూడా పట్టదు.

శ్రోత: రేపు ఆదివారం సార్, షాపు ఉండదు. ఇవాళ ఒక్క రోజుకు టేప్ వేసి...

నిపుణుడు: అమ్మా!

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. సార్‌కు, ఫోన్ చేసిన శ్రోతలందరికీ ధన్యవాదాలు. నమస్కారం.