‘ఏమీ తినడండీ’ అనే పిల్లవాడు రోజుకు ఎంత తింటాడు?

అందరికీ నమస్కారం. ఈ సభకు తల్లులే వస్తారనుకున్నాను. ముందు వరుసల్లో అమ్మమ్మలు, నానమ్మలు కనిపిస్తున్నారు. మంచిదే. చిన్నపిల్లల పళ్లెం మీద అసలు అధికారం ఏ ఇంట్లోనైనా ఎవరిదో నాకు తెలుసు.

పిల్లల డాక్టరు గదిలో జ్వరం, దగ్గు తరవాత ఎక్కువగా వినిపించే మాట ‘మావాడు ఏమీ తినడండీ’. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లల గురించే ఈ మాట ఎక్కువ. ‘ఏమీ’ అంటే ఏమిటో కాస్త విడమరిచి చెప్పమంటాను. లేవగానే గ్లాసు పాలు. పదింటికి రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం నాలుగు ముద్దలు, అవి కూడా వీధి చివరి దాకా వెంట తిరిగి పెట్టినవి. సాయంత్రం మళ్లీ పాలు, పక్కింటివాళ్లు చేతిలో పెట్టిన జంతిక. రాత్రి అన్నం ముట్టలేదు, కాబట్టి నిద్రలో పాలసీసా. లెక్క వేస్తే పిల్లవాడు తిన్నది తక్కువేమీ కాదు. తినవలసినవి మాత్రం అందులో పెద్దగా లేవు. నేనివాళ మాట్లాడదలచుకున్నది ఈ తేడా గురించే.

ముందు అంకెలు చూద్దాం. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన పట్టికల ప్రకారం, ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1010 కేలరీల శక్తి కావాలి. సగటున 11.7 కిలోల బరువున్న పిల్లలకు వేసిన లెక్క ఇది. మాంసకృత్తులు పన్నెండు గ్రాముల చుట్టూ, ఇనుము 8 మిల్లీగ్రాములు, కాల్షియం 500 మిల్లీగ్రాములు ఉండాలి. పెద్దగా శారీరక శ్రమ లేని తల్లికి అదే పట్టికలో 1660 కేలరీలు. అంటే బరువులో తల్లిలో అయిదో వంతున్న పిల్లవాడికి ఆమె తిండిలో సగానికి పైనే శక్తి కావాలన్నమాట. కడుపు చూస్తే చిన్నది. కిలో బరువుకు ముప్పై మిల్లీలీటర్ల చొప్పున లెక్క కడితే, పదకొండు కిలోల పిల్లవాడి పొట్టలో ఒకసారికి పట్టేది దాదాపు 330 మిల్లీలీటర్లు, అంటే గ్లాసున్నర. అందులో నీళ్లూ పాలూ కూడా కలిసే ఉంటాయి. పెద్దవాళ్లలా మూడు పూటలు తిని ఊరుకోవడం వాళ్లకు కుదరదు. మూడు భోజనాలు, మధ్యలో రెండుసార్లు చిరుతిండి అన్నది అందుకే.

వెయ్యి కేలరీలంటే కొండంత తిండి అని భయపడకండి. రెండేళ్ల పిల్లకు మన వంటింట్లో అది ఎలా ఉంటుందో చూడండి. పొద్దున చిన్న గ్లాసు ఆవుపాలు, నూరు కేలరీలు. ఒక ఇడ్లీ, దాని మీద చెంచా నెయ్యి, మరో నూరు. పదకొండింటికి సగం అరటిపండు. మధ్యాహ్నం చిన్న గిన్నెలో మెత్తటి అన్నం, గట్టిపప్పు, చెంచా నెయ్యి, పక్కన కాస్త కూర, చివర రెండు ముద్దల పెరుగన్నం. అదంతా కలిపి రెండు వందల డెబ్బై దాకా వస్తుంది. సాయంత్రం ఉడికించిన గుడ్డు, సగం సున్నుండ. రాత్రి మళ్లీ చిన్న గిన్నెడు కిచిడీయో, నానబెట్టిన చపాతీయో, ఆ పైన కొద్దిగా పాలు. అంతే. ఇదంతా ఒకే పళ్లెంలో పరిచి చూపిస్తే ‘రోజంతటికీ ఇంతేనా!’ అంటారు మీరు. ఇంచుమించు ఇంతే.

తల్లిపాలు ఇంకా తాగుతున్న పిల్లలైతే ఇంత కూడా అక్కర్లేదు. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య, తల్లిపాలు కాక బయటి ఆహారం ద్వారా సుమారు 550 కేలరీలు అందితే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పూటకు 250 మిల్లీలీటర్ల కప్పులో ముప్పాతిక నుంచి నిండు కప్పు దాకా పెట్టమని వాళ్లు చెప్పేది ఈ వయసు పిల్లలకే.

మరి ఏడాది నిండే దాకా గబగబా తిన్న పిల్లవాడు ఉన్నట్టుండి నోరు ఎందుకు బిగిస్తాడు? ఎదుగుదల నెమ్మదిస్తుంది కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పటాల ప్రకారం మగపిల్లల సగటు బరువు పుట్టినప్పుడు 3.3 కిలోలు, ఏడాదికి 9.6, రెండేళ్లకు 12.2. అంటే మొదటి ఏడాది ఆరు కిలోలు పైబడి పెరిగిన పిల్లవాడు రెండో ఏడాది మొత్తం మీద రెండున్నర కిలోలే పెరుగుతాడు. మొదటి ఏడాదిది ఎక్స్‌ప్రెస్ రైలు వేగమైతే, రెండో ఏడాదిది ప్యాసింజరు బండి నడక. ఆకలి కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అది జబ్బు కాదు, దిష్టి అసలే కాదు. దిష్టి తీస్తే ఉప్పూ మిరపకాయలూ తప్ప పోయేదేమీ లేదనుకోండి. ఆకలి టానిక్కు పేరుతో కొనే సీసాలతోనే నాకు పేచీ. ఆరోగ్యంగా ఎదుగుతున్న పిల్లవాడికి ఆకలి పుట్టించే మందుతో పని లేదు.

పిల్లలు తమకెంత కావాలో తామే తేల్చుకోగలరా అన్నది పాత ప్రశ్న. క్లారా డేవిస్ అనే అమెరికన్ డాక్టరు 1926లో దీన్ని పరీక్షకు పెట్టారు. అప్పుడే తల్లిపాలు మానిన పదిహేనుమంది పిల్లల ముందు ముప్పైకి పైగా పదార్థాలు పెట్టారు. మాంసం, గుడ్లు, పాలు, పళ్లు, కూరగాయలు, ధాన్యాలు అన్నీ ఉండేవి. నర్సులు పక్కనే కూర్చున్నా ‘ఇది తిను’ అని సైగ కూడా చేయకూడదు. పిల్లవాడు వేలు చూపిస్తేనో, చేయి చాపితేనో అందించాలి. కొందరు పిల్లలతో ఇది ఏళ్ల తరబడి సాగింది. వాళ్లు తిన్న తీరు చూస్తే మన అమ్మమ్మలకు కళ్లు తిరిగేవి. ఒకరి పొద్దుటి ఫలహారం నారింజరసం, కాలేయం. మరొకరి రాత్రి భోజనం కొన్ని గుడ్లు, అరటిపళ్లు, పాలు. పూట పూటకూ పొంతన లేదు. పిల్లలు మాత్రం చక్కగా ఎదిగారు. ఒక్క సంగతి మరవకూడదు. ఆ పళ్లేల్లో చక్కెర లేదు, మిఠాయి లేదు. పెట్టినవన్నీ మంచివే. అసలు కిటుకు ఆ పదార్థాల జాబితాలోనే ఉందని డేవిస్ స్వయంగా చెప్పారు. చిప్స్ ప్యాకెట్టు ముందు పెట్టి ‘వాడికేది కావాలో వాడే ఎంచుకుంటాడు’ అంటే ఆ లెక్క చెల్లదు.

లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు 1991లో ప్రచురించిన లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలు పదిహేనుమంది ఆరు రోజుల పాటు తిన్న ప్రతిదీ కొలిచారు. ఒక పూటకూ మరో పూటకూ తేడా మూడో వంతు దాకా ఉంది. రోజు మొత్తం కూడి చూస్తే ఆ తేడా పది శాతానికి తగ్గిపోయింది. మధ్యాహ్నం రెండే ముద్దలు తిన్న పిల్లవాడు సాయంత్రమో రాత్రో ఆ లోటు తానే పూడ్చుకుంటున్నాడు. మనమేమో మధ్యాహ్నం గిన్నె పట్టుకుని వీధిలో పరుగెడుతున్నాం. ఈ పరుగు ఇప్పుడు దేశాలు దాటింది. డల్లాస్‌లో మనవడు తిన్నాడో లేదో విజయవాడ నుంచి వీడియోలో చూస్తూ ‘ఇంకొక్క ముద్ద పెట్టవే’ అని కూతురికి చెప్పే అమ్మమ్మలను నేనెరుగుదును.

చందమామను చూపిస్తూ అన్నం పెట్టడానికీ, ఫోను చూపిస్తూ పెట్టడానికీ తేడా ఉందా అని అడుగుతారు. ఉంది. చందమామను చూపే తల్లి పిల్లవాడి మొహం చూస్తూ ఉంటుంది. వాడు తల తిప్పితే ఆమెకు తెలుస్తుంది. ఫోను ముందు కూర్చున్నవాడు తల తిప్పడు. నోరు తెరుస్తాడు, ముద్ద పడుతుంది, మింగుతాడు. లేదంటే బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చుంటాడు. కడుపు నిండిందన్న కబురు వాడి దాకా చేరదు. బలవంతంగా, ముక్కు మూసి, గద్దించి పెట్టిన అన్నం ఆ పూటకు లోపలికి వెళ్తుందేమో గాని, అన్నమంటేనే భయం పుట్టిస్తుంది.

దీని మీద మన నేల మీద జరిగిన పని ఒకటుంది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ జిల్లాలో అరవై గ్రామాల్లో ఆరు వందలమంది తల్లీబిడ్డలతో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. కొందరు తల్లులకు ఏం పెట్టాలో నేర్పారు. మరికొందరికి దాంతో పాటు పిల్లవాడి ఆకలి సైగలు గమనించడం, మాట్లాడుతూ పెట్టడం, ఆడించడం కూడా నేర్పారు. ఏం పెట్టాలో తెలిసిన ఇళ్లలో పిల్లల తిండి మెరుగుపడింది. సైగలు చూసి పెట్టడం, ఆడించడం నేర్చుకున్న తల్లుల పిల్లలకు మానసిక వికాసపు పరీక్షలో కూడా మార్కులు ఎక్కువొచ్చాయి. అన్నం పెట్టడమంటే పిల్లవాడితో మాట్లాడటం కూడా అని నేను అంటే సరదా మాట అనుకోకండి.

ఇప్పుడు పాల దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కొంచెం మొండిగానే మాట్లాడతాను. గేదెపాలు నూరు మిల్లీలీటర్లకు సుమారు నూరు కేలరీలు. లీటరు పాలు తాగే రెండేళ్ల పిల్లవాడికి రోజు కోటా అక్కడికే ముగిసిపోయింది. వాడికి అన్నం మీద ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? పాలల్లో కాల్షియం పుష్కలం. ఇనుము మాత్రం లేనట్టే. పైగా ఎక్కువైన పాలు మిగతా ఆహారంలోని ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వవు. బొద్దుగా, తెల్లగా, పాలిపోయి ఉండే పిల్లలను చూసి బంధువులు ‘పాలుగారుతున్నాడు’ అని మురిసిపోతారు. నాకు రక్తపరీక్ష గుర్తొస్తుంది. ఏడాది దాటాక రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు, అది కూడా గ్లాసుతో. రాత్రి నిద్రలో సీసా ఆపేయండి. మొదటి నాలుగైదు రోజులు ఏడుస్తాడు. ఆ తరవాత పొద్దున్నే ఆకలితో లేస్తాడు. పండ్లరసాలు రెండేళ్ల లోపు వద్దు, పండే పెట్టండి. చక్కెర కూడా ఆ వయసు దాకా కలపకండి.

ఇక చారన్నం. మనవాళ్లకు ఇదంటే ప్రాణం. ‘తేలిగ్గా అరుగుతుంది’ అంటారు. అరగడానికి అందులో ఏముంది కనుక? పలచటి చారు పోసి జారుగా కలిపిన గిన్నెడు అన్నంలో డెబ్బై కేలరీలు దాటవు. అదే గిన్నెలో గట్టిపప్పు, నెయ్యి వేసి మెదిపితే రెండు వందల పైచిలుకు. పొట్ట రెండింటితోనూ ఒకేలా నిండుతుంది. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి ముద్ద. పప్పు మీది తేట పిల్లకూ, అడుగున పప్పు పెద్దవాళ్లకూ వడ్డించే అలవాటు చాలా ఇళ్లలో ఇంకా ఉంది. దాన్ని తిరగేయండి. నెయ్యో నూనెనో పూటకు ఒక చెంచా వేయండి, ఈ వయసులో కొవ్వు తగ్గించే పని లేదు. గుడ్డు తినే ఇళ్లలో రోజుకొకటి పెట్టండి. తినని ఇళ్లలో పప్పులు, పెరుగు, పొడి చేసిన వేరుశనగ. పొడి అని ఎందుకంటున్నానంటే, వేరుశనగ గింజలు, ద్రాక్ష పళ్లు అలాగే ఇస్తే గొంతుకు అడ్డం పడతాయి. కొత్త కూరను ఒకసారి ఉమ్మేశాడని వదిలేయకండి. ఎనిమిది పదిసార్లు, కొందరికైతే పదిహేనుసార్లు రుచి చూపిస్తే గాని అలవాటు కాదు.

ఇంతవరకు ఎక్కువ పెట్టి వేధించే ఇళ్ల గురించి మాట్లాడాను. ఈ సభలో అంగన్‌వాడీ టీచర్లు కూడా ఉన్నారు. వాళ్లు చూసే పిల్లలు వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నవారు దేశం మొత్తం మీద నూటికి 11 మందే. అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ‘బలవంతం చేయకండి’ అన్న నా మాట అక్కడికి వెళ్లి ‘అడిగినప్పుడే పెట్టండి’ అని వినిపిస్తే ప్రమాదం. నీరసంగా ఉన్న పిల్లలు అడగరు. ఏడవరు కూడా. మూలన కూర్చుంటారు. కూలికి వెళ్లే తల్లికి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి అయిదుసార్లు పెట్టే తీరిక లేదు. అది ఆమె తప్పు కాదు. అక్కడ అంగన్‌వాడీ ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు చాలా ముఖ్యం. రోజుకు నూరు గ్రాములు ఆ పిల్లవాడికే వెళ్తే నాలుగు వందలకు పైగా కేలరీలు అందినట్టే. ఇంట్లో అందరూ తలా కొంచెం తినేస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

మరి ఎవరు సరిపడా తింటున్నారో, ఎవరు తినడం లేదో ఎలా తెలుస్తుంది? పళ్లెం చూస్తే తెలియదు, తూకం చూడాలి. మాతా శిశు సంరక్షణ కార్డులోని గీతల పటంలో నెలనెలా చుక్క పెట్టించండి. పిల్లవాడి చుక్కలు ఏదో ఒక గీత వెంట పైకి వెళ్తుంటే, కింది గీతలకు దగ్గరగా ఉన్నా సరే, వాడు తనకు కావలసినంత తింటున్నట్టే లెక్క. రెండు మూడు నెలలు బరువు కదలకపోయినా, చుక్క పై గీత నుంచి కింది గీతకు జారినా, అప్పుడు రండి. ‘మా వంశమే సన్నం’ అని సర్దుకోకండి. ఆ పటాలు తయారుచేసేటప్పుడు కొలిచిన ఆరు దేశాల పిల్లల్లో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. ఆరు నెలలు దాటిన పిల్లల జబ్బ కొలత 12.5 సెంటీమీటర్ల లోపుంటే ఆ వారంలోనే చూపించాలి. 11.5 లోపుంటే అదే రోజు.

కార్డులు తెచ్చినవాళ్లు బయట పెట్టండి, ఒక్కొక్కటిగా చూద్దాం. తూకం యంత్రం తలుపు పక్కన ఉంది. పిల్లల చెప్పులు, స్వెట్టర్లు విప్పి ఎక్కించండి. ఈలోగా ప్రశ్నలుంటే వెనక వరుసవాళ్లు ముందు అడగండి.