సందు దొరికిన వెలుతురు

అందరికీ నమస్కారం. లైడార్, అంటే విమానం నుంచి లేజర్ కొట్టి నేల ఎత్తుపల్లాలు కొలిచే పద్ధతి, ఆ మాట అనగానే నన్ను చాలామంది అడిగేది ఒకటే, "సార్, అది ఎక్స్‌రే లాగా చెట్లలోంచి నేలని చూసేస్తుందంట కదా" అని. లేదండీ, లేజర్‌కి ఆకు అడ్డమొస్తే అక్కడే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం మామిడితోటలో ఎండ చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతుంది చూడండి, ఇదీ అంతే, సందు దొరికిన వెలుతురే కిందికి దిగుతుంది.

విమానం నుంచి సెకనుకి లక్ష చొప్పున, ఇప్పటి మెషిన్లయితే ఇంకా ఎక్కువే, లేజర్ పల్సులు కొడుతుంటాం, ఒక్కోటి పోయి రావడానికి పట్టిన టైముని బట్టి దూరం లెక్క. వెలుతురు ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది, పోనూ రానూ కాబట్టి టైమింగ్‌లో ఒక్క నానోసెకను తేడా వస్తే దూరం 15 సెంటీమీటర్లు తప్పుతుంది. విమానం ఎక్కడుందో జీపీఎస్ చెప్తుంది, ఎటు వంగిందో ఐఎంయూ అనే సెన్సర్ చెప్తుంది.

మధ్య అమెరికాలో బెలీజ్ దేశం అడవిలో కారకోల్ అని మాయా నాగరికత వాళ్ల పాత నగరం ఉంది. పురావస్తు శాస్త్రవేత్తలు ఆర్లెన్ చేజ్, డయాన్ చేజ్ దంపతుల టీమ్ దాదాపు 25 ఏళ్లు కత్తులతో దారి కొట్టుకుంటూ కొలిస్తే మ్యాపు 23 చదరపు కిలోమీటర్లు వచ్చింది. 2009 ఏప్రిల్‌లో కొద్ది రోజులు విమానం తిప్పి 200 చదరపు కిలోమీటర్లు స్కాన్ చేశారు, రోడ్లు, కొండవాలు మీద మెట్లుమెట్లుగా పొలాలు, అన్నీ బయటపడ్డాయి. లేజర్ తగిలి వెనక్కొచ్చిన ఒక్కో చోటుని పాయింటు అంటాం, చదరపు మీటరుకి 20 పాయింట్లు కొడితే నేలదాకా చేరింది సగటున 1.35 అంట! ఆ ఒకటీ అరాతోనే ఊరంతా తేలింది.

మరి ఏ పాయింటు నేలది, ఏది పొదది? అసలు తలనొప్పి ఇదే, సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ ఉంటుంది గానీ దానికి తెలిసింది వాలు, ఎత్తు, అంతే. నేను కొత్తలో ఈ పనిలో చేరినప్పుడు ఒక చెరువు ఫైల్ ఇచ్చారు, చెరువు నల్లగా కన్నంలా ఉంది, ఎందుకంటే మేం వాడే ఇన్‌ఫ్రారెడ్‌ని నీళ్లు తాగేస్తాయి, వెనక్కి రాదు. కట్ట రెండువైపులా నిటారుగా ఉండేసరికి ఫిల్టర్ దాన్ని బిల్డింగ్ అనుకుని లేపేసింది, నేను చూసుకోకుండా ఓకే కొట్టేశా. పొద్దున్నే మా సీనియర్ స్క్రీన్ చూసి, "ఏరా, కట్ట లేకుండా నీళ్లెలా నిలబడ్డాయ్?" అన్నాడు.

అప్పట్నుంచి ముందు క్రాస్ సెక్షన్, అంటే పాయింట్లని నిలువుగా కోసి పక్కనుంచి చూస్తా, తర్వాతే ఫిల్టర్. ఆ చెరువు సెక్షనే ఇప్పుడు వేస్తున్నా, వెనకాల వాళ్లు లైట్లు కొంచెం తగ్గించండమ్మా.