అక్కా తమ్ముడు, ఎపిసోడ్ 41: పాచిక పడిందా, పడేశారా?

తమ్ముడు: నమస్తే అండీ. ఈ వారం టాపిక్ బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్‌లో కార్మిక్ డైస్ అనే పాచికల సెట్టింగ్. ఉంచాలా, ఆపేయాలా? అక్కా, గవ్వల దగ్గరికి మాత్రం వెళ్ళకు.

అక్క: వెళ్ళను. నువ్వు కూడా పాత గొడవలు తీసుకురాకు.

తమ్ముడు: ఒప్పందం. 2023లో గేమ్ వచ్చింది. ఆ సెట్టింగ్ ముందే ఆన్‌లో ఉంటుంది. వరసగా చెడ్డ పందేలు పడకుండా చూస్తుంది.

అక్క: నేను మొదటిరోజే ఆపేశాను. ఇరవై ముఖాల పాచికలో ఒకటి పడే అవకాశం 5 శాతం. వరసగా మూడుసార్లు ఒకటి పడాలంటే 8,000లో ఒక్కసారి. పడితే పడనీ. అయినా వాళ్ళను తప్పుపట్టను, సెట్టింగ్స్‌లో చెప్పే చేస్తున్నారు. నా కోపం ఫైర్ ఎంబ్లమ్ అనే యుద్ధాల గేమ్ సిరీస్ మీద.

తమ్ముడు: అనుకున్నా.

అక్క: ఆ సిరీస్‌లో 2002 నాటి బైండింగ్ బ్లేడ్‌లో దెబ్బ తగిలే అవకాశం 90 శాతం అని తెర మీద చూపిస్తారు. లోపల 0 నుంచి 99 దాకా రెండు అంకెలు తీసి సగటు కడతారు. సగటు 90 కంటే తక్కువైతే దెబ్బ తగిలినట్టు. లెక్క వేసి చూడు, 98.1 శాతం! 10 అని చూపించింది 2.1కి పడిపోతుంది.

తమ్ముడు: మంచిదేగా! అందులో మనవాడు చచ్చిపోతే మళ్ళీ రాడు. 90 అంటే మన చెవికి ‘ఖాయం’ అనే వినిపిస్తుంది. సివిలైజేషన్ గేమ్ చేసిన సిడ్ మైయర్ కూడా 2010లో గేమ్ తయారీదారుల సభ జీడీసీలో చెప్పారు, మూడింతల బలం ఉండీ ఓడిపోతే ఆటగాళ్ళు ఒప్పుకోవట్లేదని.

అక్క: అయితే 98 అనే రాయాలి. నాన్న కొట్లో కొసరు వేసేవాడు, అందరికీ కనపడేలా. కాటా ముట్టుకోలేదు ఎప్పుడూ.

తమ్ముడు: నాన్నను తేకు ఇందులోకి.

అక్క: ఎందుకురా?

తమ్ముడు: నేను ఆ ఆట ఆడింది ఆయన ఆసుపత్రిలో ఉన్న నెలలోనే. రోజుకు ఒక్కటైనా అనుకున్నట్టు జరగాలనిపించేది. జరిగేది. అది అబద్ధమని నువ్వంటే నాకు కష్టంగా ఉంటుంది.

అక్క: ...నాకు తెలీదురా. నాతో గవ్వలాడాల్సింది.

తమ్ముడు: గవ్వ కూడా సమానంగా పడదుగా! బోర్లా, వెల్లకిలా సగం సగం కాదు.

అక్క: కాదు. కానీ ఇద్దరికీ అవే నాలుగు గవ్వలు.

తమ్ముడు: ఫైర్ ఎంబ్లమ్‌లో శత్రువుకీ అదే సగటు లెక్క. ఎక్స్‌కామ్ అనే ఇంకో యుద్ధాల గేమ్‌లా కాదు. 2012 దాంట్లో సులువు స్థాయిల్లో మన గురి తప్పుతున్నకొద్దీ మనకే చాటుగా సాయం చేస్తుంది.

అక్క: ఇద్దరికీ ఒకటే అన్నావు చూడు, అది ఒప్పుకుంటాను. అంకె విషయం ఒప్పుకోను.

తమ్ముడు: ఇంతకీ కార్మిక్ డైస్ సంగతి తేల్చలేదు.

అక్క: నువ్వు ఉంచుకో. గవ్వల సంచి ఎక్కడ పెట్టావు?

తమ్ముడు: అలమరలో, పై అర. మైకు వైరు కాలికి తగులుతుంది, చూసుకుని లే...