రేడియేటర్ క్యాప్ గురించే, నీళ్ల గురించి కాదు

కిట్టు: రికార్డవుతోందా? ఆ, అవుతోంది. అందరికీ నమస్కారం. ఈ వారం రేడియేటర్ క్యాప్, దాన్ని ఎలా చూసుకోవాలి, ఎప్పుడు మార్చాలి. బావా, ముందే చెప్తున్నా, ఇవాళ ముల్లు గురించి వద్దు.

ప్రసాద్: వద్దులే. కానీ కొత్త బండ్లలో టెంపరేచర్ ముల్లు తీసేసి నీలం లైటూ ఎర్ర లైటూ పెట్టారు చూడు, ఆ ఎర్రది వెలిగేసరికి…

కిట్టు: బావా.

ప్రసాద్: సరే, క్యాప్. దాన్ని ఉత్త మూతనుకుంటారు గానీ అందులో రెండు వాల్వులుంటాయి. పెద్ద స్ప్రింగు ఉన్నది ప్రెజర్ వాల్వు. ఇంజన్ వేడికి కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, వ్యాకోచించి, క్యాప్ మీద రాసిన ప్రెజర్ దాటగానే అది లేస్తుంది, ఎక్కువైన కూలెంట్ పక్కనున్న రిజర్వ్ బాటిల్లోకి పోతుంది. అడుగున నడిమధ్య చిన్న బిళ్ల ఉంటుంది, వేలి గోటితో లాగితే కిందికొచ్చి వదలగానే టక్కున పైకి పోవాలి, అది వాక్యూమ్ వాల్వు. బండి చల్లారాక బాటిల్లోంచి కూలెంట్ వెనక్కి వచ్చేది దానిగుండానే.

కిట్టు: వైట్‌ఫీల్డ్ నుంచి ఒకాయన అడిగారు, పొద్దున బానెట్ తీస్తే పై హోస్ పైపు చప్పిడిగా అతుక్కుపోయి ఉంటోందట.

ప్రసాద్: ముందు ఆ బిళ్లనే అనుమానించాలి. అది ఇరుక్కుపోతే చల్లారేటప్పుడు లోపల వాక్యూమ్ ఏర్పడి పైపును పీల్చేస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది, బాటిల్లో మ్యాక్స్ గీత దాకా కూలెంట్ కనిపిస్తూనే ఉంటుంది, రేడియేటర్లో మాత్రం తగ్గిపోతుంది. బాటిల్ చూసి నిశ్చింతగా ఉండకూడదు, వారానికోసారి చల్లటి బండి మీద క్యాప్ తీసి లోపల కూడా చూడాలి. రేడియేటర్ మీద క్యాపే లేని బండ్లు కూడా ఉంటాయి, వాటిలో ప్రెజర్ క్యాప్ ప్లాస్టిక్ ట్యాంకు మీదే ఉంటుంది, అలాంటప్పుడు అదే చూసుకోవాలి.

కిట్టు: మార్చాల్సింది ఎప్పుడు?

ప్రసాద్: రబ్బరు బిరుసెక్కినా, పగిలినా, స్ప్రింగు మెత్తబడ్డా, క్యాప్ కూర్చునే రేడియేటర్ మెడ చుట్టూ తెల్లగానో గోధుమరంగుగానో పొర కట్టినా. ఆ పొర ఎక్కడిదనుకున్నావ్, బోరు నీళ్లదే!

కిట్టు: వచ్చేశాం నీళ్ల దగ్గరికి.

ప్రసాద్: రాకుండా ఎలా ఉంటాం? ఈ బెంగళూరులో సగం అపార్ట్‌మెంట్లు ట్యాంకరు నీళ్ల మీద నడుస్తున్నాయి, ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు ఎలా ఉంటాయో గీజర్ కాయిల్ విప్పితే తెలుస్తుంది. బకెట్ తెచ్చి రేడియేటర్లో పోసేసి, అయిపోయింది సార్ అంటారు. ఆ ఉప్పంతా సన్నటి ట్యూబుల్లో పేరుకుంటుంది, క్యాప్ రబ్బరు ఆనే చోట కూడా పేరుకుంటుంది, ఇక అది సరిగ్గా మూసుకోదు. నువ్వు కొత్త క్యాప్ పెట్టినా అదే గతి.

కిట్టు: ఒక్క మాట చెప్పనీ. మధ్యదారిలో బండి ఆగిపోయింది, చుట్టుపక్కల దుకాణం లేదు, చేతిలో బిస్లరీ బాటిల్ ఉంది. పోయాలా వద్దా?

ప్రసాద్: పోయకూడదు.

కిట్టు: బావా, అది మొండితనం. కూలెంట్ లేకుండా నడిపితే ఇంజన్ హెడ్ పోతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఏ శుభ్రమైన నీళ్లైనా పోసి మెల్లగా వర్క్‌షాప్ దాకా వెళ్లి, తర్వాత అంతా ఫ్లష్ చేయించుకోవచ్చు. మొగిలి ఘాట్‌లో మనం చేసింది అదే కదా.

ప్రసాద్: మొగిలి ఘాట్ ఎత్తకు.

కిట్టు: ఎత్తుతా. అమ్మమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.

ప్రసాద్: సరే, అత్యవసరానికి ఒప్పుకుంటా. కానీ జనం దాన్నే అలవాటు చేసుకుంటారు, నా బాధ అది. ఒకసారి పోస్తారు, మళ్లీ పోస్తారు, ఏడాది తిరిగేసరికి లోపల తుప్పు నీళ్లు. డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీకి వాడేది, ఏ పెట్రోల్ బంకు పక్కనైనా దొరుకుతుంది, అది పోస్తే వచ్చే నష్టమేంటి?

కిట్టు: నష్టం లేదు. కానీ మెకానిక్‌లు అడిగేది వేరే, బెంగళూరులో మంచు పడుతుందా, కూలెంట్ దేనికి అని. దానికి ఏం చెప్తావ్?

ప్రసాద్: గడ్డకట్టకుండా ఉండటం ఒక్కటే దాని పని కాదయ్యా! నీళ్లతో సగం సగం కలిపిన ఇథిలిన్ గ్లైకాల్, అదే కూలెంట్లో ఉండే అసలు రసాయనం, ప్రెజర్ లేకుండానే సముద్రమట్టం దగ్గర 106, 107 డిగ్రీల దాకా మరగదు. దాంతోపాటు అల్యూమినియం తినేయకుండా రసాయనాలు కలుపుతారు. ఉత్త నీళ్లలో అవేవీ లేవు. మనం ఉన్నది సుమారు 900 మీటర్ల ఎత్తున, ఇక్కడ ఉత్త నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి, ఇంజన్ నడిచేదే 90 చుట్టుపక్కల. ఇప్పుడు లెక్క వేసుకో, క్యాప్ లీకవుతోంది, లోపల ఉత్త నీళ్లు, సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో ఏసీ ఆన్. ఆ ఏడు డిగ్రీలు ఎంతసేపు? క్యాప్ బాగుండి దాని మీద 1.1 అని ఉంటే బయటి గాలి కన్నా 1.1 బార్ ఎక్కువ నిలబెడుతుంది, అప్పుడు ఉత్త నీళ్లు కూడా 120 దాకా ఆగుతాయి. క్యాప్ చేసే పని అంత పెద్దది.

కిట్టు: అది ఒప్పుకుంటా. అయితే 1.1 బదులు ఇంకా పెద్ద నంబరు పెడితే మంచిదే కదా అని కొందరు పెట్టించుకుంటున్నారు.

ప్రసాద్: వద్దు! పెద్ద నంబరు పెట్టినంత మాత్రాన ఇంజన్ చల్లబడదు, మరిగే పాయింట్ జరుగుతుందంతే. ఆ అదనపు ప్రెజర్ హోస్‌ల మీద, రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ ట్యాంకుల మీద పడుతుంది. కంపెనీ ఏ నంబరు చెప్పిందో అదే, మెడ సైజు కూడా అదే. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపలి లోతు తేడా ఉంటే స్ప్రింగు సరిగ్గా ఆనదు. పాత క్యాప్ చేతిలో పట్టుకుని వెళ్లాలి, బండి విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డుకి. ఇంజన్ ఖరీదు ముందు క్యాప్ ధర ఎంత!

కిట్టు: కొత్త క్యాప్ పెట్టినా బాటిల్ పొంగుతుంటే?

ప్రసాద్: ఇంకో క్యాప్ కొనకు. చేతిపంపు లాంటి ప్రెజర్ టెస్టర్ ఉంటుంది, దాంతో రేడియేటర్నీ క్యాప్‌నీ విడివిడిగా పరీక్ష చేయించు. బాటిల్లో బుడగలు వస్తూనే ఉంటే హెడ్ గ్యాస్కెట్, అదే ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు, దాని మీద అనుమానం.

కిట్టు: ఇంకోటి చెప్పాలి, ఇది మాత్రం అందరూ వినాలి. మా వీధిలో ట్యాక్సీ నడిపే ఆయన, ఆవిరి వస్తున్న బండికి గుడ్డ చుట్టి క్యాప్ తిప్పేశారు. మోచేతి దాకా చర్మం ఊడిపోయింది. ప్రెజర్ పోగానే లోపలున్న కూలెంట్ ఒక్కసారిగా మరిగి చిమ్ముతుంది. హోస్ చేత్తో పట్టుకుని చూడండి, గట్టిగా, వేడిగా ఉందంటే క్యాప్ ముట్టుకోకండి. చల్లారాక కూడా మొదటి గాడి దాకానే తిప్పి, బుస్‌మని వస్తే ఆగండి.

ప్రసాద్: ఎంత మంది చూసుంటారో ఆ గాయాలు… ఆయనకిప్పుడెలా ఉంది?

కిట్టు: నడుపుతున్నారు. చెయ్యి మాత్రం పూర్తిగా చాపలేరు.

ప్రసాద్: అందుకే ముల్లు ఉండాలంటాను. ఎక్కుతుండగానే కనిపిస్తే, ఆవిరి దాకా రానివ్వరు కదా.

కిట్టు: ముల్లైనా చాలా బండ్లలో మధ్యలోనే కదలకుండా ఉండేట్టు చేస్తారు, పది ఇరవై డిగ్రీలు మారినా తెలీదు. కూలెంట్ మొత్తం పోయి సెన్సర్ గాల్లో ఉంటే అదీ తప్పే చూపిస్తుంది.

ప్రసాద్: అది నిజమే. అయినా లైటు కన్నా…

కిట్టు: నేల మీద కారిన కూలెంట్ కడిగేయమని కూడా చెప్పు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, విషం అది.

ప్రసాద్: నీళ్లు ఎక్కువ పోసి కడగాలి, ఆ పనికి బోరు నీళ్లు వాడుకోవచ్చు. శనివారం జేసీ రోడ్డుకి వస్తావా?

కిట్టు: శనివారం ఆఫీసు ఉంది బావా.

ప్రసాద్: పొద్దున్నే వెళ్దాం, అక్క బండి క్యాప్ కూడా మార్చాలి, దాని రబ్బరు చూశావా అసలు?

కిట్టు: చూశా, చూశా. ఆపేస్తున్నా, ఫోన్ మోగుతోంది.