కత్తిరించిన ఫొటో: ఇంటి గుట్టును ఎవరు దాస్తారు, ఎప్పుడు దాస్తారు

[దృశ్యం: విశాఖపట్నం పాతనగరంలో ఒక పెంకుటిల్లు. వెనుక గదిలో నల్లబడిన బర్మా టేకు పెట్టె.]

నమస్కారం. మా ఇంట్లో దాదాపు అరవై ఏళ్ళ పాటు ఎవరూ పైకి అనని మాట ఒకటి చివరికి రక్తపరీక్ష కాగితం మీద బయటపడింది. మా అమ్మాయి గర్భవతిగా ఉన్నప్పుడు ఇక్కడి ఒక ఆసుపత్రిలో మామూలుగా చేసే పరీక్షలన్నీ చేశారు. రక్తంలో ఏయే రకాల హిమోగ్లోబిన్ ఎంతెంత ఉందో విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కూడా వాటిలో ఉంది. ఫలితం చూసిన డాక్టరుగారు కాసేపు ఆగి, "మీ పూర్వీకుల్లో బెంగాలీలు గాని, అస్సాం వాళ్ళు గాని, బర్మా వాళ్ళు గాని ఉన్నారా అమ్మా?" అని అడిగారు. మా అమ్మాయి నవ్వేసి, "లేదండీ, మాది భీమిలి" అంది.

ఆ కాగితం మీద ఉన్నది హిమోగ్లోబిన్ ఇ. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే వచ్చినప్పుడు అది మనిషికి చెప్పుకోదగ్గ హాని చేయదు, చాలామంది ఆ సంగతి తెలియకుండానే నిండు నూరేళ్ళు బతికేస్తారు. అయితే భార్యకు ఇది ఉండి, భర్తకు బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, వంశపారంపర్యంగా వచ్చే లోపం) లక్షణం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ తీవ్రమైన రక్తహీనత వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. అందుకే అల్లుడికి కూడా పరీక్ష చేయించమన్నారు. ఈ రకం హిమోగ్లోబిన్ బర్మా, థాయిలాండ్, కంబోడియాల్లోనూ, మన ఈశాన్య రాష్ట్రాల్లోనూ, బెంగాల్లోనూ ఎక్కువ. తెలుగు కుటుంబాల్లో అరుదు కాబట్టే డాక్టరుగారు ఆ ప్రశ్న వేశారు. నాకూ ఈ హిమోగ్లోబిన్ ఇ ఉందని తేలింది, మా ఆవిడకు లేదు. ఆ రాత్రి నేను మా మేనత్తకు ఫోన్ చేశాను. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆసుపత్రిలో ఏమన్నారో చెప్పి, మనవాళ్ళలో ఎవరైనా అటువైపు వాళ్ళున్నారా అత్తా, అని అడిగితే చాలాసేపు పలకలేదు. ఆ తరువాత, "మీ నాన్నని మా అమ్మ కనలేదురా. పెంచింది" అంది.

[దృశ్యం: పాత పటం మీద విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడల నుంచి రంగూన్ వైపు సాగే ఓడదారి.]

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు రంగం గురించి తెలియాలి. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను రంగం అనేవారు. బియ్యం మిల్లుల్లో, రేవులో, సాంపాన్లనే చిన్న పడవల మీద పని చేయడానికి, కూలీలను కుదిర్చే మేస్త్రీలు ఇక్కడి మనుషులను గుంపులుగా తీసుకువెళ్ళేవారు. కోరంగి రేవు పేరును బట్టి బర్మావాళ్ళు తెలుగువాళ్ళను కోరంగీలనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులుండేవారు, రంగూన్ నగర జనాభాలో సగానికి మించి వాళ్ళే. అలా వెళ్ళినవారిలో అత్యధికులు ఒంటరి మగవాళ్ళు. ఇక్కడ ఒక ఇల్లు, అక్కడ ఒక ఇల్లు ఏర్పడడం అరుదేమీ కాదు. పరాయి దేశస్థులను కట్టుకున్న బౌద్ధ స్త్రీలకు వివాహంలోనూ ఆస్తిలోనూ రక్షణ కల్పిస్తూ బర్మాలో 1939లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారంటే, అది ఎంత పెద్ద వ్యవహారమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి, 1942 మార్చిలో నగరం వాళ్ళ చేతికి చిక్కింది. లక్షల మంది భారతీయులు బర్మా పడమటి తీరంలోని అరాకాన్ మీదుగా చిట్టగాంగుకూ, కొండలు దాటి మణిపురం, అస్సాంలకూ నడిచారు. వేలకు వేల మంది దారిలోనే పోయారు. మా తాతగారు మూడేళ్ళ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆ దారినే వచ్చారట. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. ఒక బాంబుల ఊరి నుంచి పారిపోయి మరో బాంబుల ఊరికి చేరుకున్నానని ఆయన తరచూ అనేవారు, అది మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. భుజాన ఉన్న పిల్లవాడి తల్లి ఎవరన్నదే తెలియదు. ఆవిడ బాంబుల్లో పోయిందని ఒకసారి, వాళ్ళ ఊరు వెళ్ళిపోయిందని ఒకసారి ఆయన చెప్పేవారని మా అత్త అంటుంది.

[దృశ్యం: పెట్టె అడుగున పరిచిన పాత వార్తాపత్రిక కింద నుంచి తీసిన ఫొటో, దగ్గరగా.]

ఇప్పుడు మీరు చూస్తున్నది ఆ పెట్టెలో దొరికిన ఫొటో. మా తాతగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఫొటో వెనుక రంగూన్ స్టూడియో ముద్ర ఉంది. కుడివైపు అంచు చూడండి, మిగతా మూడు అంచుల్లా తిన్నగా లేదు. కత్తెర రెండుచోట్ల ఆగి మళ్ళీ కదిలినట్టు వంకరగా ఉంది. కుర్చీ చేతి మీద నాలుగు వేళ్ళు, ఒక గాజు మిగిలిపోయాయి. వేళ్ళను కూడా కోసేస్తే తాతగారి మోచెయ్యి తెగిపోయేది, అందుకే వదిలేసినట్టుంది.

ఎవరు కత్తిరించారు, ఎప్పుడు కత్తిరించారు? కుటుంబ రహస్యాల విషయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండో ప్రశ్నలోనే ఉంది. గుట్టు బయటపడగానే మనం "ఆయన అంత పని చేశాడా" అని మొదలుపెడతాం. నిజానికి మా నాన్నగారు పుట్టడానికి ముందు, 1938 నాటికి హిందూ పురుషుడు రెండో పెళ్ళి చేసుకోవడం ఇక్కడ నేరం కాదు. మద్రాసు రాష్ట్రంలో దాన్ని నిషేధించింది 1949 చట్టం, దేశమంతటా నిషేధించింది 1955 నాటి హిందూ వివాహ చట్టం. 1942లో తాతగారు పిల్లవాడితో దిగినప్పుడు వీధి వీధంతా చూసింది. పిల్లలు లేని మా నాయనమ్మ వాణ్ణి ఎత్తుకుని లోపలికి తీసుకువెళ్ళడమూ చూసింది. అప్పటికి అది రహస్యమే కాదు.

అది రహస్యమైంది 1965లో. ఆ ఏడాది మా అత్తకు మంచి సంబంధం వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1964లో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేయడంతో, అక్కడ మిగిలిన భారతీయ కుటుంబాలు లక్షల సంఖ్యలో తిరిగి రావడం మొదలైంది. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చినవారి వల్ల నిలిచిందే. వాళ్ళలో ఎవరైనా తాతగారిని గుర్తుపట్టి మగపెళ్ళివారి ముందు నోరు జారితే ఏమవుతుందోనని మా నాయనమ్మకు భయం పట్టుకుంది. పెళ్ళిచూపుల ముందురోజు మధ్యాహ్నం కత్తెర తీసుకుంది. పక్కన కూర్చుని చూసింది పెళ్ళికూతురే. ఆడవారి నోట నువ్వుగింజ నానదని సామెత. కర్ణుడి పుట్టుక సంగతి కుంతి యుద్ధమంతా ముగిశాక, తర్పణాల వేళ చెప్పినందుకు ధర్మరాజు ఆడవారికి పెట్టిన శాపమే దానికి మూలమంటారు. మా ఇంట్లో ఆ శాపం పారలేదు.

[దృశ్యం: స్టాంపు కాగితాల మీద చేతిరాతతో ఉన్న పాత దస్తావేజు.]

మీ ఇంట్లో ఇలాంటి అనుమానం ఏదైనా ఉంటే ఎక్కడ వెదకాలి? డీఎన్ఏ పరీక్షకు తొందరపడవద్దు. మన దేశంలో చెల్లుబాటయ్యే వివాహంలో పుట్టిన బిడ్డను ఆ దంపతుల బిడ్డగానే చట్టం భావిస్తుంది, అలాంటి పరీక్షకు మామూలుగా ఆదేశించకూడదని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. పాత దస్తావేజులు అంతకంటే ఎక్కువ చెబుతాయి. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే పత్రం, 1983 నుంచే ఉంటుంది, అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళి నకలు అడగాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామాలూ దత్తత అధికార పత్రాలూ మూడో నంబరు పుస్తకంలో నమోదవుతాయి. రాసినవారు బతికి ఉన్నంతకాలం ఆ నకలు వారికి, వారి ఏజెంటుకు తప్ప ఇవ్వరు. వారు పోయిన తరువాత దరఖాస్తు చేసుకున్న ఎవరికైనా ఇస్తారు. గుట్టుకు మనిషి ఆయుర్దాయాన్ని గడువుగా పెట్టిన ఈ ఏర్పాటు నాకు చాలా న్యాయంగా కనిపిస్తుంది.

మా తాతగారి వీలునామా అలాగే దొరికింది. చదివేటప్పుడు ఆస్తుల పట్టిక కంటే మనుషుల వర్ణన మీద దృష్టి పెట్టాలని నాకు ఆ రోజు తెలిసింది. మా అత్త దగ్గర "నా భార్య వలన నాకు కలిగిన కుమార్తె" అని ఉంది. మా నాన్నగారి దగ్గర "నా కుమారుడు" అని మాత్రమే ఉంది. ఇంట్లో అబద్ధం ఆడినా దస్తావేజు రాయించేటప్పుడు ఆయన అబద్ధం ఆడలేకపోయారు.

దత్తత వెళ్ళినవారి దారి వేరు. సంస్థల ద్వారా దత్తత అయినవారు పద్దెనిమిదేళ్ళు నిండాక తమ మూలాల గురించి దరఖాస్తు చేసుకోవచ్చు, అయితే కన్నవారి గోప్యతను 2022 దత్తత నిబంధనలు కాపాడుతున్నాయి. ఆ సరిహద్దును దాటి సొంతంగా వేట మొదలుపెట్టడం నాకు నచ్చదు.

ఇక పెద్దవాళ్ళను అడగడం గురించి ఒక మాట. నిలదీయకండి. అందులోనూ కోడళ్ళ ముందు, మనవల ముందు అడగకండి. మనిషి గురించి కాకుండా వస్తువు గురించి అడిగితే మాట సులువుగా వస్తుంది. పెట్టె ఎక్కడిదత్తా అంటే మా అత్త గంటసేపు చెప్పింది. ఆవిడ ఎవరత్తా అన్నప్పుడల్లా మంచినీళ్ళు తాగడానికి లేచింది.

గుట్టు బయటపడ్డాక వచ్చిన మార్పులంటారా, అన్నీ ఒక దిక్కునే జరగలేదు. మా అత్త కొడుకుల్లో ఒకరు, అయితే పాతనగరం ఇంట్లో మా నాన్నగారి వాటా చెల్లుతుందా అని లాయరును అడిగారు. వీలునామా ఉంది కాబట్టి ఆ ప్రశ్నకు బలం లేదు. అది లేకపోయినా, తల్లిదండ్రుల పెళ్ళి చెల్లకపోయినంత మాత్రాన పిల్లలు వారి ఆస్తికి దూరం కారని హిందూ వివాహ చట్టం 16వ సెక్షను అంటుంది. ఉమ్మడి ఆస్తిలో ఆ తల్లికో తండ్రికో వచ్చే వాటాకు కూడా అది వర్తిస్తుందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తేల్చింది. అడిగినందుకు నేనేమీ అనలేదు, అయితే ఆయన ఆ సంక్రాంతికి రాలేదు.

మా నాన్నగారు పన్నెండేళ్ళ క్రితమే పోయారు. ఆయనకు తెలుసా తెలియదా అన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న. ఆయన బీచ్‌లో ఎప్పుడూ ఇసుకలో కూర్చునేవారు కాదు, నిలబడి తూర్పుకే చూసేవారు. ఇలాంటివి ఇప్పుడు గుర్తుకొచ్చి అన్నింటికీ అర్థాలు తగిలించాలనిపిస్తుంది. విశాఖలో సముద్రం ఎటూ తూర్పునే ఉంటుందని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఆబ్దికంలో నాయనమ్మ పేరు మార్చాలా అని తమ్ముడు అడిగాడు. మార్చలేదు. పెంచిన చేతికి ఆ స్థానం ఉంది, పైగా మార్చడానికి మా దగ్గర మరో పేరు లేదు.

[దృశ్యం: ఆసుపత్రి కేస్ షీటు. రాసే కలం మాత్రమే కనిపిస్తుంది.]

అల్లుడి పరీక్షలో ఏ దోషమూ లేదని తేలింది. ఆ కాగితం తీసుకుని మేం మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరుగారు మా అమ్మాయి కేస్ షీటు తెరిచి, కుటుంబ చరిత్ర అన్నచోట "తాతగారి తల్లి, రంగూన్" అని రాశారు. కలం ఎత్తకుండానే, "ఆవిడ పేరు?" అని అడిగారు. తెలియదండీ అన్నాను. ఆమె తల ఊపి, ఆ పక్కన కొంచెం ఖాళీ వదిలి, పేజీ తిప్పారు.